ముఖలింగం అని పేరు పెడితే తప్పేమిటి?

శివుడి పేర్లకు మనలో కొదవ లేదు. శంకరం, నీలకంఠం, రామలింగం, నాగలింగం, మల్లేశం తెలుగునేల నలుమూలలా వినిపిస్తాయి. ముఖలింగం సంగతి వేరు. ఈ పేరుగల మనిషి ఎక్కడ తారసపడినా, అతనిదో అతని తాతదో స్వస్థలం శ్రీకాకుళం జిల్లా అయినా అయి ఉంటుంది, దానికి దగ్గరగా ఒడిశాలో ఉన్న గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ఒకటైనా అయి ఉంటుంది. గోదావరి దాటాక ఈ పేరు చెబితే మళ్లీ ఒకసారి చెప్పమంటారు. నా చిన్నతనాన ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ముఖలింగంగారు అంటే చాలేది కాదు, ఏ ముఖలింగంగారో కూడా చెప్పాలి. బట్టలకొట్టు ముఖలింగంగారు, స్టేషను ముఖలింగంగారు, ప్లీడరు గుమస్తా ముఖలింగంగారు. మా పెద్దనాన్నగారు పోస్టాఫీసు ముఖలింగంగారు. ఇప్పుడు ఆ పేరు పెద్దవయసువారికే మిగిలింది. మా వీధిలో బడికి వెళ్లే పిల్లల్లో ఒక్కడికీ లేదు.

పెద్దనాన్నగారి అబ్బాయికి, అంటే మా అన్నయ్యకు, ఈమధ్య మనవడు పుట్టాడు. ముత్తాత పేరు పెడదామని నేను అన్నాను. ఇంటిల్లిపాదీ వద్దన్నారు. పిల్లవాడి తండ్రి ఫోనులో వెదికి, "ముఖం ఉన్న లింగం అని రాశారు బాబాయ్, ఇందులో ఏముంది?" అని అడిగాడు. అడిగినందుకు సంతోషించాను. ఇందులో ఏముందో చెప్పవలసిన పని నా వంటివాళ్లదే. ఎందుకంటే పేర్ల జాబితాల్లో దొరికే అర్థం ఈ పేరు విషయంలో గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఆ అర్థం తప్పు కాదు. శిల్పశాస్త్రంలో ముఖలింగం అంటే లింగం మీద శివుడి ముఖం చెక్కినది. ఒక్క ముఖం ఉంటే ఏకముఖలింగం, నాలుగు దిక్కులా నాలుగుంటే చతుర్ముఖలింగం. సద్యోజాతం, వామదేవం, అఘోరం, తత్పురుషం, ఈశానం అనే అయిదు ముఖాల్లో ఈశానం పైకి చూసేది కనుక దాన్ని చెక్కడం అరుదు. విదిశ దగ్గర ఉదయగిరి గుహలో గుప్తులనాటి ఏకముఖలింగం ఉంది. ఖాట్మండు పశుపతినాథుడు నాలుగు ముఖాలవాడు. మన గుడిమల్లంలో లింగం మీద ముఖమే కాక నిలువెత్తు మూర్తి ఉంది, అది క్రీస్తు పుట్టుకకు ముందుదని పండితులు చెబుతారు. ఇంత విస్తారమైన శిల్ప సంప్రదాయం ఉన్నా, విదిశలోనో ఖాట్మండులోనో పుట్టిన పిల్లవాడికి ఎవరూ ముఖలింగం అని పేరు పెట్టరు. శిల్పశాస్త్రంలోని మాట మనిషి పేరుగా మారింది వంశధార ఒడ్డునే. ఆ మార్పు ఎలా వచ్చిందో చూడకుండా పేరుకు అర్థం చెప్పలేం.

శ్రీముఖలింగం శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో వంశధార ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ మూడు పాత గుళ్లున్నాయి: మధుకేశ్వరుడిది, భీమేశ్వరుడిది, సోమేశ్వరుడిది. ప్రధానాలయం మధుకేశ్వరుడిది. జనం నోట ఆయన ముఖలింగేశ్వరుడు. ఆ లింగానికి ఉలి తగలలేదు, చెట్టు మొదలే రాయిగా మారిందని భక్తుల నమ్మకం. ఆ చెట్టు ఇప్పచెట్టు. సంస్కృతంలో దాన్నే మధూకం అంటారు, మధుక అనీ రాస్తారు. మధుకేశ్వరుడంటే ఇప్పచెట్టులోని ఈశ్వరుడు.

స్థలపురాణం మా ఇళ్లలో ఇలా చెప్పేవారు. సవరలనే గిరిజనుల దొర ఒకడికి ఇద్దరు భార్యలు. ఇంటి దగ్గరి ఇప్పచెట్టుకు రెండు కొమ్మలు. చెరొక కొమ్మ కింద రాలిన పూలు చెరొకరివి. శివభక్తురాలైన చిన్న భార్య వైపు రాలిన పూలు బంగారు పూలయ్యేవి. పెద్ద భార్య ఓర్చుకోలేక గొడవకు దిగింది. రోజూ ఈ రభస భరించలేక దొర గొడ్డలి తీసుకొని చెట్టును మొదలంటా నరికాడు. ఆ మొదట్లోంచి మంటలాగా వెలుగు వచ్చి శివుడి ముఖం కనిపించింది. సవరలు తమ దొరకు ఏదో కీడు జరిగిందని ఆ చెట్టు మీదికి ఉరికితే శివుడు వారికీ దర్శనమిచ్చాడు.

ఇప్పపూలు ఏరడం చూసినవారికి ఈ కథ ఎంత ఇంటి కథో తెలుస్తుంది. ఎండాకాలం మొదట్లో, ఆకులు రాలిన చెట్టు నుంచి తెల్లవారుజామున పూలు టపటపా పడతాయి. లేత పసుపురంగు, వేళ్ల మధ్య నొక్కితే తీపి రసం. చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి శుభ్రంగా ఉంచుతారు, పూలు మట్టి కాకుండా. ఏ చెట్టు ఎవరిది, ఏ కొమ్మ కింద ఎవరు ఏరుకోవాలన్నది నిజంగానే తగాదాలకు దారితీసే విషయం. పూలు ఎండబెట్టి తింటారు, సారా కాస్తారు, గింజల నుంచి నూనె తీస్తారు. కొండల్లో కరవు నెలల్లో ప్రాణం నిలబెట్టే చెట్టు అది. చెట్టుకింద ఇద్దరాడవాళ్ల తగువు నుంచి దేవుడు పుట్టిన కథను అంతఃపురంలో కూర్చున్నవాళ్లు కల్పించలేరు. పూలు ఏరినవాళ్ల కథ ఇది.

రాజులు ఆ కథను తమ రాగిరేకుల మీదికి తెచ్చుకున్నారు. 12వ శతాబ్దం తొలినాళ్లలో తూర్పు గంగ వంశపు రాజు అనంతవర్మ చోడగంగదేవుడు వేయించిన తామ్రశాసనం తమ వంశచరిత్ర చెబుతూ, పూర్వీకుడైన రెండవ కామార్ణవుడు నగరమనే పురంలో లింగరూపంలోని ఈశుడికి ఎత్తైన గుడి కట్టించాడని, మధుక వృక్షం నుంచి పుట్టినందువల్ల ఆ దేవుడికి మధుకేశుడని పేరు పెట్టాడని అంటుంది. ఆ నగరమే కళింగనగరం, తూర్పు గంగుల రాజధాని. నేటి ముఖలింగమే ఆ కళింగనగరమని వాదించినవారిలో గిడుగు రామమూర్తిగారు ముందున్నారు. ఆయన 1863లో ముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, ఆ గుడి శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకున్నారు.

ఇక్కడొక గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయను. గంగులు తాము కర్ణాటకలోని కోలాహలపురం నుంచి, అంటే కోలారు నుంచి, వచ్చామని అవే శాసనాల్లో చెప్పుకున్నారు. వారి కులదైవం ఇక్కడి మహేంద్రగిరి మీది గోకర్ణస్వామి. గోకర్ణమనే శైవక్షేత్రం కర్ణాటక తీరంలో ఉంది. కర్ణాటకలోనే బనవాసిలోనూ ఒక ప్రాచీన మధుకేశ్వరాలయం ఉంది. కాబట్టి గోకర్ణేశుడు, మధుకేశుడు ఇద్దరి పేర్లూ వలస వచ్చిన రాజులు తమతో మోసుకొచ్చినవేననీ, ఇప్పచెట్టు కథ తరువాత అతికించినదేననీ అనేవారున్నారు. రాజులు పేరును వెంట తెచ్చి ఉండవచ్చు, నేను కాదనను. కానీ తెచ్చిన పేరు ఇక్కడ నిలబడడానికి ఇక్కడి చెట్టు కావలసి వచ్చింది, ఇక్కడి సవరలు కావలసి వచ్చారు. మా ఊరి దేవుడు కనుక ఇక్కడికి తెచ్చుకున్నాం అని శాసనంలో రాయించుకోవడానికి రాజుకు అడ్డేమీ లేదు. అయినా అతను చెట్టునే సాక్ష్యంగా చూపించాడు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి. మధుకేశ్వరుడు రాజుగారి పేరైతే, ముఖలింగం జనం పేరు. బనవాసిలో ఆ పేరు లేదు. చెట్టులోంచి ముఖం చూపించాడన్న సవరల కథ లేకపోతే ఆ పేరు పుట్టే అవకాశమే లేదు.

ఒడియా మిత్రులు "ఇది మీ తెలుగువాళ్ల పేరు" అన్నప్పుడల్లా నేను పూరీ కథ ఎత్తుతాను. పూరీ జగన్నాథుడికి ఇప్పుడున్న పెద్ద గుడి కట్టడం మొదలుపెట్టింది ఈ చోడగంగదేవుడే. అంటే పూరీకి గుడి ఇచ్చిన వంశం అంతకుముందు ముఖలింగం నీడలో పెరిగింది. కథలూ చూడండి. జగన్నాథుడు మొదట నీలమాధవుడిగా సవర దొర విశ్వావసుడి పూజలందుకున్నాడు. తరువాత సముద్రంలో కొట్టుకొచ్చిన దారువులోంచి మూర్తి అయ్యాడు. ఈనాటికీ పూరీలో దైతపతులనే ఆలయ సేవకులు ఆ సవర వంశం వారమనే చెప్పుకుంటారు, పాత కొయ్యమూర్తుల స్థానంలో కొత్తవి చేసే నవకళేబర సమయంలో కొత్త చెట్టును వెదికి తెచ్చేదీ వారే. అక్కడా సవరలే, ఇక్కడా సవరలే. అక్కడా చెట్టే, ఇక్కడా చెట్టే. జగన్నాథం అన్న పేరు తెలుగువాళ్లం ఎంత ఇష్టంగా పెట్టుకున్నాం! మా అమ్మమ్మ తరఫున ముగ్గురు జగన్నాథాలున్నారు. ఆ దేవుడు మాకు పరాయి కానప్పుడు, ముఖలింగం ఒడియావారికి పరాయి ఎందుకవుతాడు? శివరాత్రి ఉత్సవాల చివర వంశధారలో చక్రతీర్థ స్నానానికి ఒడిశా పల్లెల నుంచి వచ్చే జనాన్ని చూసినవారు ఈ ప్రశ్న వేయరు.

సవరల సంగతి అంత సులువుగా చెప్పి వదిలేయలేను. కథ వారిది, చెట్టు వారిది. పండగరోజు కాకపోతే మన ఇళ్లలో వారి ప్రస్తావనే రాదు. వారి భాష ముండా కుటుంబానిది, తెలుగుకూ ఒడియాకూ చుట్టం కాదు. గిడుగువారు ఇంట్లో సవర మనిషిని పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. సవరల్లో ఒక ఆచారం ఉంది: చనిపోయినవారి పేరు కొంతకాలానికి ఆ వంశంలో పుట్టిన బిడ్డకు తిరిగి వస్తుంది. పేరు వచ్చిందంటే పెద్దలు వచ్చినట్టే. మనవడికి తాత పేరు పెట్టే మన అలవాటుకూ దీనికీ ఎంత దగ్గర! ముఖలింగం పేరు పెట్టుకున్న తెలుగువాడు తెలిసో తెలియకో సవర దొర ముంగిట పుట్టిన పేరు మోస్తున్నాడు. ఆ రుణం చెప్పుకోవలసినదే.

ఇంతకీ మామూలు ఇళ్లలోకి ఈ పేరు వచ్చిన దారి మొక్కు. గర్భగుడిలో లింగం వెనుక పెద్ద మట్టిగోలెం ఉంది. పిల్లలు లేని కుమ్మరి ఒకడు, బిడ్డ పుడితే గోలెం చేసి ఇస్తానని మొక్కుకున్నాడట. బిడ్డ పుట్టాక చేసిన గోలెం గుడి వాకిలిలో పట్టలేదు. నాకు బిడ్డనిచ్చావు, నా మొక్కు మాత్రం పుచ్చుకోవా అని దేవుడితో తగువు పెట్టుకొని బయట వదిలి వెళ్లాడు. తెల్లవారేసరికి అది లోపల ఉంది. వాకిలికంటే పెద్ద గోలెం లోపలికి ఎలా వచ్చిందని వెళ్లిన ప్రతివారూ ఇప్పటికీ తొంగి చూస్తారు. మా పెద్దనాన్నగారు కూడా మొక్కుబిడ్డే. ఆయనకు ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదు. ఉత్తరాంధ్రలో అలాంటి ఇళ్లలో పుట్టిన బిడ్డను చేటెడు తవుడుకు ఇచ్చి తిరిగి తీసుకొని తవిటినాయుడు, తవిటమ్మ అని పేరు పెట్టేవారు, మృత్యువు కంట పడకుండా విలువ తగ్గించి చూపడం. మా నాయనమ్మ తవుడుకు ఇవ్వనంది. శివరాత్రికి కాలినడకన ముఖలింగం వెళ్లి మొక్కుకొచ్చింది. ఆయన ఎనభై దాటి బతికారు.

అప్పటికి మా ఊరికీ ముఖలింగానికీ మధ్య గీత లేదు. మహేంద్రతనయ పర్లాకిమిడి పక్కనుంచి వెళ్లి వంశధారలో కలుస్తుంది. వంశధార ముఖలింగం మీదుగా సముద్రానికి పోతుంది. మా ఏటి నీళ్లే ఆ గుడి పక్కగా పోతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఆ వైపుకు వెళ్లింది, ముఖలింగం మద్రాసు వైపే ఉండిపోయింది. గిడుగువారు ఆ బాధతోనే దశాబ్దాల పర్లాకిమిడి నివాసం వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. వెళ్లలేని మా వంటి కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి. ఒడియా నేర్చుకున్నాం, ఒడియాలో చదువుకున్నాం, ఇది మా రాష్ట్రమే. గుడి అవతలి రాష్ట్రానిది అయింది, పేరు మాత్రం మా దగ్గర ఉండిపోయింది. ఆ రోజుల్లో ఇక్కడ పుట్టిన మగపిల్లలకు ముఖలింగం పేరు విరివిగా పెట్టడంలో భక్తితోపాటు ఈ పట్టుదల కూడా ఉందని నేను నమ్ముతాను.

ఇంట్లోవాళ్లు వద్దనడానికి చెప్పిన కారణాలకు వద్దాం. పిల్లవాడిది రోహిణీ నక్షత్రం, ఓ, వా, వీ, వూ అక్షరాలు రావాలి, "ము" మఖ నక్షత్రానిది అన్నారు. జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు అన్నది మన పంచాంగాలంత పాత పద్ధతి. జన్మనామం అక్షరం ప్రకారం పెట్టి చెవిలో చెబుతారు. దీని మీద వాదన అనవసరం. బడిలో ఒడియా పిల్లలు పలకలేరు అన్నారు. ముఖం, లింగం రెండూ ఒడియాలో నిత్యం వాడే మాటలు. ముఖొలింగొం అంటారు, అంతే తేడా.

లింగం అన్న మాట ఉత్తరాదివాళ్ల ముందు ఇబ్బందిగా ఉంటుందని పిల్లవాడి తండ్రి మెల్లగా అన్నాడు. ఈ మాట నన్ను నిజంగా బాధపెట్టింది. లింగమంటే గుర్తు. భువనేశ్వర్‌లో లింగరాజు గుడి ఉంది, ఒడియా ఇళ్లలో లింగరాజ్ అన్న పేరు తలెత్తుకు తిరుగుతోంది. తమ దేవుడి పేరు వాళ్లు దాచుకోనప్పుడు మనం ఎందుకు దాచుకోవాలి? ఎవరో పదూళ్ల అవతల నవ్వుతారేమోనన్న ఊహతో వెయ్యేళ్ల పేరును ముందే మడిచి పెట్టేయడం పిరికితనం. మన పేర్లకు ఇబ్బంది బయటివాళ్ల నవ్వు వల్ల రావడం లేదు, ఆ నవ్వు రాకముందే మనం వెనక్కి తగ్గడం వల్ల వస్తోంది.

అన్నిటికంటే గౌరవించవలసిన అభ్యంతరం మా వదినది. కాపురానికి వచ్చింది మొదలు ఆవిడ మామగారి పేరు నోటితో పలకలేదు. గుళ్లో అర్చన చేయించేటప్పుడు పూజారి పేర్లు అడిగితే మామగారి దగ్గరికి వచ్చేసరికి ఆగి, "మధుకేశ్వరుడి పేరేనండీ" అనేది. పూజారికి అర్థమయ్యేది, ముఖలింగం అని చదివేవాడు. ఒకసారి బ్యాంకులో గుమస్తాకు అర్థం కాకపోతే కాగితం మీద రాసి చూపించింది. అలాంటి మనిషి, ఇప్పుడు మనవణ్ణి ఆ పేరుతో ఎలా కేకలేసి పిలవాలి, అల్లరి చేస్తే ఎలా తిట్టాలి అని అడుగుతోంది. ఈ చిక్కు మన పెద్దలకు కొత్త కాదు. తాత పేరు పెట్టుకున్న మనవణ్ణి కోడళ్లు పెద్దబాబు అనో, చిన్నతాత అనో, నాన్నా అనో పిలిచేవారు. పేరు రికార్డులో ఉండేది, పిలుపు నోట్లో ఉండేది. వదినకు ఈ మాట చెబితే సగం మెత్తబడింది.

చివరికి పిల్లవాడి తల్లి ఒక రాజీ ప్రతిపాదన తెచ్చింది. ఆ అమ్మాయి బరంపురంలో పెరిగింది, చదువుకున్నది, నేను చెప్పిన శాసనం కథ శ్రద్ధగా విన్నది. "మామయ్యగారూ, మధుకేశ్ అని పెడదాం. అదే దేవుడు, అదే చెట్టు, వినడానికి ఇప్పటి పేరులాగా కూడా ఉంటుంది" అంది. ఇంట్లో అందరికీ నచ్చింది. కాదనడం నాకు కష్టమే. చక్కని పేరు, అబద్ధం లేని పేరు, వెనుక రాగిశాసనం ఉన్న పేరు. అయినా నేను ఒప్పుకోలేను. మధుకేశుడు కామార్ణవుడు పెట్టిన పేరు. గుడి కట్టించినవాడికి ఆ హక్కు ఉంది. ముఖలింగం అని పిలిచింది మాత్రం చెట్టు నరికిన సవరలు, గోలెం చేసిన కుమ్మరి, కాలినడకన వెళ్లిన మా నాయనమ్మ. రాజు పేరు రాగి మీద ఉంది, దానికేమీ కాదు. జనం పేరు మనుషులు పెట్టుకుంటేనే ఉంటుంది. అందుకే ఆ అమ్మాయితో చెప్పాను: ఇంట్లో మధుకేశ్ అని ముద్దుగా పిలుచుకోండమ్మా, బర్త్ సర్టిఫికెట్‌లో మాత్రం ముఖలింగం అని రాయించండి.